అబుల్ హసన్ తానీషా: పాలన, పేరు

గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షా గురించి మాట్లాడటానికి హైదరాబాదులో శాలిబండ కంటే తగిన చోటు లేదు. జనం నోట ఆయన తానీషా. శాలిబండలో ఆయన పేరు మీద గుడీ లేదు, మసీదూ లేదు. అయితే ఆయన మంత్రులిద్దరి పేరు మీద హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉంది. ఏటా బోనాల మర్నాడు ఆ గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది. ఆయన్ని చేరదీసి పెంచిన సూఫీ గురువు షా రాజు దర్గా ఇక్కడికి నడకదూరంలో, ఫతే దర్వాజా దగ్గర ఉంది. గురువుకు దర్గా ఉంది, మంత్రులకు గుడి ఉంది. రాజుకు మాత్రం వంశీకుల పక్కన సమాధి కూడా దక్కలేదు. గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీల్లో ఇబ్రహీంబాగ్ సమాధుల మధ్య చోటు లేనిది ఆయనొక్కడికే. దౌలతాబాద్ కోటలో ఖైదీగా చనిపోతే ఖుల్దాబాద్‌లో పాతిపెట్టారు. ఆయన్ని ఖైదు చేసిన ఔరంగజేబు సమాధి కూడా తర్వాత ఆ ఊళ్లోనే వెలిసింది. ఈ రాజు పదిహేనేళ్ల పాలనను ఎలా అంచనా వేయాలి, ఆయన పేరు మూడు శతాబ్దాల్లో ఎందుకు ఇన్ని రకాలుగా మారింది అన్నదే ఈ ఉపన్యాస విషయం.

ముందు ఆ పేర్ల సంగతి చూద్దాం. మొగలు చరిత్రకారులకు ఆయన తాగుడులో, ఆటపాటల్లో మునిగి రాజ్యాన్ని బ్రాహ్మణ మంత్రికి అప్పగించిన అసమర్థుడు. తెలుగు భక్తి సంప్రదాయంలో రామలక్ష్మణుల దర్శనం పొందిన ధన్యుడు. భద్రాచలం గుడి కట్టించి ఖైదైన రామదాసుకు పన్నెండేళ్లు దక్కనిది తానీషాకు ఒక్క రాత్రిలో దక్కిందని హరికథకులు చెప్పుకొచ్చారు. సముద్రతీరంలోని డచ్చి, ఇంగ్లీషు వర్తకుల కాగితాల్లో ఆయన దాదాపు కనిపించడు. అక్కడ మాట్లాడేది, డబ్బు అడిగేది, బెదిరించేది మాదన్నే. ఇరవయ్యో శతాబ్దం ఆయన్ని మతసామరస్యానికి ప్రతీకగా చేసుకుంది. 1980ల్లో ట్యాంక్‌బండ్ మీద తెలుగువారి ఘనులుగా ఎంచి నిలబెట్టిన విగ్రహాల్లో రామదాసు ఉన్నాడు, సిద్ధేంద్రయోగి ఉన్నాడు, వాళ్లతోపాటు తానీషా కూడా ఉన్నాడు. మరోవైపు హిందీ ప్రాంతంలో అదే పేరుతో పిలిచేది నియంతను. భద్రాచలం రాముడికి ముత్యాలు పంపిన రాజు పేరు ఢిల్లీలో తిట్టుగా మిగలడం విచిత్రమే. ఇన్ని మాటల్లో ఏది నిజమని అడగడం సహజం. అయితే ఆ ప్రశ్నకు ముందు మరొకటి అడగాలి: వీటిలో ఏ ఒక్కదానిలోనైనా ఆయన పాలన ఉందా?

నా వాదం ఇది. తానీషాను తిట్టినవాళ్లూ పొగిడినవాళ్లూ ఒకే పద్ధతి పాటించారు. ఆయన పాలనంతటినీ ఆయన స్వభావం లోంచి వివరించారు. విలాసి కాబట్టి రాజ్యం పోగొట్టుకున్నాడని ఒకరు, ఉదారుడు కాబట్టి హిందువును ప్రధానిగా పెట్టుకున్నాడని మరొకరు. గోల్కొండ అప్పటికే చిక్కుకుపోయిన కప్పం ఒప్పందాలు, శిస్తు వసూలు పద్ధతి, దర్బారులోని ముఠాలు, వెనక సొంత బలగం లేని రాజు పరిస్థితి, వీటిలోంచి చూస్తే మాదన్న నియామకం రాజకీయ నిర్ణయంగా కనబడుతుంది. అందులో తెలివి ఉంది, దాని ఖర్చూ ఉంది. ఆ నిర్ణయాన్ని రాజకీయంగా తూచకుండా గుణగణాల జాబితాలో వేసినన్నాళ్లూ ఆయన పేరు ఏ కాలానికి కావలసిన రంగు ఆ కాలానికి పూసుకుంటూనే ఉంటుంది.

అసలు ఇన్ని రంగులు పూయడానికి వీలెలా కలిగింది? ఆధారాల తీరులోనే దానికి జవాబు ఉంది. అంతకుముందు పాలించిన అబ్దుల్లా కుతుబ్‌షా తొలి సంవత్సరాలకు నిజాముద్దీన్ అహ్మద్ రాసిన ‘హదీఖతుస్ సలాతీన్’ వంటి ఆస్థాన చరిత్ర ఉంది. అబుల్ హసన్ కాలానికి అలాంటి సొంత గొంతు లేదు. మనకు దొరికేవన్నీ గెలిచినవారి కథనాలో, వ్యాపారానికి వచ్చినవారి ఉత్తరాలో, తర్వాతి కాలపు జ్ఞాపకాలో. సాకీ ముస్తయిద్ ఖాన్ ‘మఆసిరె ఆలంగీరి’ని ఔరంగజేబు మరణం తర్వాత 1710లో పూర్తి చేశాడు. అది అధికారిక దృష్టి. ఖాఫీ ఖాన్ తన చరిత్రను 1730 దశకంలో రాశాడు, అంటే కోట పడిపోయిన నలభై ఏళ్లకు పైగా గడిచాక. అయినా ఈ సాక్షులందరూ ఒకే గొంతుతో మాట్లాడరు. మొగలు కొలువులోనే ఉన్న నియామత్ ఖాన్ ఆలీ గోల్కొండ ముట్టడి మీద రాసిన ‘వఖాయి’లో వెక్కిరింతకు గురైంది ముట్టడించిన సైన్యమే. ఖాఫీ ఖాన్ కూడా తానీషా దుర్గుణాలను ఏకరువు పెడుతూనే, పట్టుబడ్డ వేళ ఆయన చూపిన నిబ్బరాన్ని దాచలేదు. కోటలోకి శత్రువులు వచ్చారని తెలిసినా తొణక్కుండా కూర్చుని, వచ్చిన అధికారులను మర్యాదగా పలకరించి, ఆనాటి భోజనం ముగించి బయల్దేరాడట. విలాసి అన్న మాటా, ఈ దృశ్యమూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. తర్వాత చదివినవాళ్లు ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకున్నారు.

ఇక గద్దె సంగతి. అబ్దుల్లాకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. 1656లో దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు హైదరాబాదు మీద పడ్డప్పుడు కుదిరిన సంధిలో ఒక కూతురిని అతని కొడుకు మహమ్మద్ సుల్తానుకు ఇచ్చి పెళ్లి చేశారు. మరో అల్లుడు అరబ్బు దేశం నుంచి వచ్చిన సయ్యద్ అహ్మద్. దర్బారులో బలమున్నవాడు, వారసత్వం తనదే అనుకున్నవాడు. మూడో అమ్మాయికి అనుకున్న సంబంధం ఈ సయ్యద్ పట్టుదల వల్ల చెడిపోయింది. అప్పుడు షా రాజు ఖాన్‌ఖాలో ఉన్న అబుల్ హసన్‌ను పెళ్లికొడుకును చేశారు. రాజవంశంతో దూరపు చుట్టరికం ఉన్నదన్న మాటే తప్ప ఆయనకు జాగీరు లేదు, సైన్యం లేదు, దర్బారులో తన మనిషి అంటూ లేడు. 1672లో అబ్దుల్లా చనిపోగానే సయ్యద్ అహ్మద్ పట్ల విసిగిపోయిన ఉమరావులు, ముఖ్యంగా సయ్యద్ ముజఫ్ఫర్, ఈయన్ని గద్దె ఎక్కించారు. వాళ్లు ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. బలగం లేని రాజు చెప్పినట్టు వింటాడు. పెద్ద పదవి సయ్యద్ ముజఫ్ఫర్‌కే దక్కింది. కొత్త సుల్తాను ముందున్న మొదటి చిక్కు, తనను రాజును చేసిన మనిషి చేతిలోంచి బయటపడటం.

మాదన్న ఈ మలుపులో వస్తాడు. హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబానికి చెందిన అతను సయ్యద్ ముజఫ్ఫర్ దగ్గరే లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు చూసుకునే ఉద్యోగి. యజమాని కింద ఉన్న అధికారులను ఒక్కొక్కరినే తనవైపు తిప్పుకుని, రెండేళ్లు తిరిగేసరికి ముజఫ్ఫర్‌ను పదవి నుంచి తప్పించి ఆ చోటు తానే తీసుకున్నాడు. సూర్యప్రకాశరావు అన్న బిరుదు వచ్చింది. అన్న అక్కన్నకు, బంధువులకు పెద్ద పదవులు వచ్చాయి. దీన్ని మాదన్న కుట్ర అని మొగలు రచయితలు, మాదన్న ప్రతిభ అని మన నవలాకారులు రాశారు. ఇద్దరూ మరిచింది రాజుకు కలిగిన లాభం. ఉమరావుల ముఠాల్లో ఎవరిని ప్రధానిగా పెట్టినా ఆ మనిషి వెనక సైన్యం ఉంటుంది, బంధుకూటమి ఉంటుంది, అవసరమైతే మరో అల్లుణ్ని గద్దెనెక్కించగల శక్తి ఉంటుంది. గుమాస్తా స్థాయి నుంచి వచ్చిన బ్రాహ్మణ మంత్రికి రాజు దయ తప్ప వేరే ఆసరా లేదు, అతను ఎన్నటికీ సుల్తాను కాలేడు. ఇలాంటి మంత్రిని ఎంచుకోవడం రాజ్యతంత్రంలో పాత ఎత్తు. బలమైన ప్రభువులను అదుపులో పెట్టదలచిన రాజులు లోకమంతటా కింది వర్గం నుంచి కార్యదర్శులను పైకి తెచ్చారు. పోప్‌ను, పాత ప్రభువంశాలను ఎదుర్కొన్న ఇంగ్లండు ఎనిమిదో హెన్రీ, కమ్మరి కొడుకు థామస్ క్రామ్‌వెల్‌ను అలాగే పైకి తెచ్చాడు. అతని గతి ఏమైందో కూడా లోకానికి తెలుసు.

ఇది ఔదార్యాన్ని తక్కువ చేసి మాట్లాడటమేనని ఒక అభ్యంతరం వస్తుంది. కుతుబ్‌షాహీలకు తెలుగు మీదా హిందువుల మీదా ఆదరం ఉన్న మాట నిజం కాదా అని అడుగుతారు. నిజమే. ఇబ్రహీం కుతుబ్‌షా మల్కిభరాముడన్న పేరుతో అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ అంకితం పుచ్చుకున్నాడు. అతని అధికారి అమీన్‌ఖాను పొన్నెగంటి తెలగన ‘యయాతి చరిత్ర’కు కృతిపతి. గోల్కొండ ఫర్మానాలు పారసీతోపాటు తెలుగులోనూ వెలువడ్డాయి. అయితే అదే ఇబ్రహీం కొలువులోని బ్రాహ్మణ సేనాని మురహరిరావు 1579 ప్రాంతంలో అహోబిలం గుడిని దోచాడు. దోచినవాడి మతం ఆ గుడిని కాపాడలేదు, పంపినవాడి తెలుగు అభిమానమూ కాపాడలేదు. గోల్కొండలో హిందువులకు పదవులివ్వడం అబుల్ హసన్‌తో మొదలైన వింత కాదు, రాజ్యం నడిచే మామూలు పద్ధతి. ఊళ్ల లెక్కలు కరణాలవి, కోటలు నాయకులవి, పెద్ద సైన్యం పారసీ, దక్కనీ ప్రభువులది. అబుల్ హసన్ చేసిన కొత్త పని ఒక్కటే: లెక్కల గదిలోని మనిషిని దర్బారు తలకట్టుకు తెచ్చాడు. దాంతో ఉమరావులకు పోయింది గౌరవం ఒక్కటే కాదు, సొమ్ము కూడా. వాళ్ల కోపాన్ని మతద్వేషమని మాత్రమే చదివితే సగం చదివినట్టే. చరిత్రకారుడు గెయిస్ క్రౌట్జర్ డచ్చి కాగితాలు గాలించి చూపినట్టు, మాదన్నకు కూడా తన వర్గం, తన మతం అన్న స్పృహ గట్టిగానే ఉంది. ఆ స్పృహ రెండు వైపులా ఉన్నదే తప్ప ఒకరి పాపం మరొకరి పుణ్యం కాదు.

మాదన్న పాలన రైతుకు ఎలా ఉంది? ఇక్కడ పొగడ్త రాసినవాళ్లు మౌనంగా దాటేశారు. అబుల్ హసన్ ఆస్థానం వదిలి తీరానికి వెళితే డచ్చి ఉద్యోగి డేనియల్ హవార్ట్ వంటివారు మాదన్న మనుషుల వసూళ్ల గురించి కటువుగా రాశారు. వ్యాపారం మీద రాబడి గుంజుతున్న మంత్రిని వ్యాపారులు ఇష్టపడరు కాబట్టి ఆ మాటల్లో కొంత తీసివేయాలి. 1686లో డచ్చివారు బాకీల తగాదా పెట్టుకుని మచిలీపట్నాన్నే కొన్ని నెలలు ఆక్రమించుకున్నారు, వాళ్లు నిష్పక్షపాత సాక్షులేమీ కారు. అయితే వసూళ్ల కాఠిన్యాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఇక్కడ గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. 1618 నుంచి 1622 దాకా తీరంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్, గోల్కొండ సీమలను ఏటేటా ఎక్కువ పాట పాడినవారికి ఇజారాకిచ్చే పద్ధతిని, పాడుకున్నవాళ్లు పెట్టుబడి రాబట్టుకోవడానికి జనాన్ని పిండే తీరును అప్పుడే వర్ణించాడు. మాదన్న పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి అది. మాదన్న దాన్ని రద్దు చేయలేదు. ఇజారా పాడుకునే చేతులను మార్చాడు, వసూలైన దానిలో దర్బారుకు చేరే వాటా బిగించాడు. తానీషాను ప్రజల రాజు అనేవారు ఈ సంగతికి జవాబు చెప్పాలి. ఆయన పాలనలో రైతుకు ఒరిగింది తక్కువ.

అంత డబ్బు ఎందుకు కావలసి వచ్చిందంటే దానికి జవాబు గోల్కొండలో లేదు, ఉత్తరాన ఉంది. 1636లో షాజహాను రాయించుకున్న ఒప్పందం ప్రకారం గోల్కొండ ఏటా రెండు లక్షల హొన్నులు మొగలులకు కప్పం కట్టాలి. 1656 దాడి తర్వాత పరిహారం బాకీలు కూడా చేరాయి. కప్పం కడుతూ కూర్చుంటే ఏదో ఒకనాడు రాజ్యం మొత్తం పోతుందని మాదన్న లెక్క కట్టినట్టుంది. 1677లో శివాజీని హైదరాబాదుకు పిలిపించడం ఆ లెక్కలోని భాగం. శివాజీ సుమారు నెల రోజులు ఇక్కడ ఉన్నాడు. అతని కర్ణాటక దండయాత్రకు గోల్కొండ డబ్బు, ఫిరంగులు, సేన సమకూర్చింది. ఏటా లక్ష హొన్నులు ఇచ్చేటట్టు కుదిరింది. మరాఠా ప్రతినిధి ప్రహ్లాద్ నిరాజీ హైదరాబాదులోనే కొలువున్నాడు. మొగలు సరిహద్దుకూ గోల్కొండకూ మధ్య కదిలే కత్తి ఒకటి ఉంచుకోవడమన్నమాట. ఫలితం మాత్రం అనుకున్నట్టు రాలేదు. జింజి, వెల్లూరు శివాజీవి అయ్యాయి, గోల్కొండకు ముట్టజెప్పవలసిన భాగం ముట్టలేదు. 1680లో శివాజీ పోయాక శంభాజీకి కూడా సొమ్ము వెళుతూనే ఉంది. ఈ దౌత్యాన్ని హిందూ సామ్రాజ్య పునరుద్ధరణ పథకమని రాసినవారున్నారు. మొగలు పీడ లేకుండా ఉంటే ఇదే మాదన్న శివాజీతో తీరప్రాంతం పంపకం కోసం తగాదా పడి ఉండేవాడని నా అభిప్రాయం.

1682 నాటికి ఔరంగజేబు స్వయంగా దక్కను చేరాడు. ఆయన తానీషా మీద మోపిన నేరాలు మూడు: పాలనను కాఫిరు చేతికిచ్చాడు, శంభాజీకి డబ్బిచ్చాడు, తాగుడు, వ్యభిచారం ప్రబలనిచ్చాడు. దీనికి తోడు 1685లో బిజాపురానికి సాయం పంపుతానని తానీషా తన ప్రతినిధికి రాసిన ఉత్తరం మొగలుల చేతికి చిక్కింది. తర్వాతి చరిత్రల్లోని నిందలన్నీ ఈ నేరపట్టిక నుంచి పుట్టినవే. ఇది ఎంత నిజమో ఆ సంవత్సరాల సంఘటనలే చెబుతాయి. 1685 అక్టోబరులో గోల్కొండ సర్వసేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలులతో చేరిపోయాడు. రాజు కోటలోకి పారిపోయాడు, హైదరాబాదు నగరం దోపిడీకి గురైంది. చార్మినారు చుట్టూ ఉన్న ఈ వీధుల మీదే ఆ దోపిడీ సాగింది. యువరాజు షా ఆలం కోటీ ఇరవై లక్షల రూపాయలు, మల్ఖేడు, సేడం సీమలు, అక్కన్న మాదన్నల తొలగింపు షరతులుగా సంధి కుదిర్చాడు. రాజు మంత్రులను తొలగించడంలో జాప్యం చేశాడు. 1686 మార్చిలో ఉమరావులు, అంతఃపుర స్త్రీలు కూడబలుక్కుని ఆ సోదరులిద్దరినీ గోల్కొండ వీధిలో నరికించారు. మాదన్న తల మొగలు శిబిరానికి వెళ్లింది. ఔరంగజేబు చెప్పిన మొదటి కారణం ఆనాటితో తీరిపోయింది. అయినా 1687 మొదట్లోనే ఆయన గోల్కొండ ముందు దిగాడు. నేరం తీరిపోయాక కూడా శిక్ష ఆగలేదంటే ఆ నేరం కారణం కాదు, సాకు.

ఇంకో సాక్ష్యం బిజాపురం. అక్కడ బ్రాహ్మణ ప్రధాని లేడు. సిద్దీ మసూద్ వంటి హబ్షీ ప్రభువులు, పఠాన్ సర్దారులు రాజ్యం నడిపారు. ఆ రాజ్యం గోల్కొండ కంటే ఏడాది ముందే, 1686 సెప్టెంబరులో పడిపోయింది. మాదన్న ఉన్న గోల్కొండా, మాదన్న లేని బిజాపురమూ ఒకే చేతి కింద ఒకే వరసలో కూలినప్పుడు, మాదన్న వల్ల గోల్కొండ కూలిందనడం ఏ తర్కం? మొగలు దర్బారులోని వాళ్లే ఆ మతవాదాన్ని నమ్మలేదు. తోటి ముస్లిం రాజుల మీద యుద్ధం ధర్మసమ్మతం కాదని కాజీ షేఖుల్ ఇస్లాం తన పదవినే వదులుకున్నాడు. యువరాజు షా ఆలం తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడిపినందుకు ఖైదయ్యాడు. ఔరంగజేబు పాలన చివరి దశలో మొగలు మన్సబుదారుల్లో హిందువుల వాటా అంతకుముందుకన్నా పెరిగిందని చరిత్రకారుడు అతర్ అలీ లెక్కలు తీసి చూపాడు. తన కొలువులో ఒప్పయినది పొరుగు కొలువులో నేరమైంది. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. వానలు, కరువు, రోగాలు లోపలివాళ్లకంటే బయటివాళ్లనే ఎక్కువ బాధించాయి. మొగలు సేనాని కులీచ్‌ఖాన్ ఫిరంగి గుండుకు చనిపోయాడు. తర్వాత ఈ నగరాన్నేలిన ఆసఫ్‌జాహీ వంశాన్ని స్థాపించింది అతని మనవడే. చివరికి 1687 సెప్టెంబరు 21 రాత్రి తలుపు తెరిచింది అబ్దుల్లా ఖాన్ పని అన్న పఠాన్ సర్దారు. ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడింది అబ్దుర్ రజ్జాక్ లారీ అన్న పారసీ సేనాని. ద్రోహానికీ విధేయతకూ మతంతో, జాతితో లంకె పెట్టేవారు ఈ ఇద్దరినీ ఎక్కడ కూర్చోబెడతారో చెప్పాలి.

ఇక రామదాసు కథ. చరిత్రకారుడు దీన్ని పక్కన పెట్టేయడం అహంకారం, ఉన్నదున్నట్టు తీసుకోవడం బద్ధకం. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తాసీల్దారు, అక్కన్న మాదన్నల మేనల్లుడు, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదున్నాడు అన్నది సంప్రదాయం. తేదీలు వేసి చూడండి. మాదన్న అధికారంలోకి వచ్చింది 1674 ప్రాంతంలో. మేనల్లుడికి ఉద్యోగం ఇప్పించి, అతను శిస్తు వసూలు చేసి, గుడి కట్టి, నేరం బయటపడి ఖైదు కావడానికి కొన్నేళ్లు పోనిచ్చి, ఆపైన పన్నెండేళ్లు కలిపితే విడుదల నాటికి మాదన్న బతికి ఉండడు, రాజు ముట్టడిలో చిక్కి ఉంటాడు. కాబట్టి ఖైదు పన్నెండేళ్లకన్నా తక్కువన్నా అయి ఉండాలి, అబ్దుల్లా కాలంలోనే మొదలైనా అయి ఉండాలి. కథకు మాత్రం పన్నెండు కావాలి. తాసీల్దారు వసూలు సొమ్మును మళ్లించుకున్నాడన్న ఆరోపణ, బాకీ రాబట్టడానికి ఖైదు పెట్టడం, ఇవి ఇజారా రాజ్యంలో రోజూ జరిగేవే. మేనమామ ప్రధాని అయినా మేనల్లుడిని విడిపించలేకపోయాడంటే ఖజానా అవసరం ఎంత గట్టిదో తెలుస్తుంది. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా అర్ధరాత్రి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించారన్న ఘట్టంలో కూడా కథకుడు రసీదు అడిగించడం మరవలేదు. ఆ కాలపు పాలన వాసన శాసనాల్లోకన్నా ఈ రసీదులో ఎక్కువ ఉంది.

కథను ఇలా తేదీలతో కోస్తే దాని సత్యం జారిపోదా అని భక్తులు అడగవచ్చు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు ఏలినవారి తరఫున వెళ్లే ఆచారాన్ని తానీషా పేరుతోనే చెప్పుకుంటారు. ఆసఫ్‌జాహీల కాలంలో సాగింది, ఇప్పటి ప్రభుత్వమూ పాటిస్తోంది. కూచిపూడి అగ్రహారాన్ని నాట్యబ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చింది ఆయనేనని ఆ ఊరివాళ్లు నమ్ముతారు. ఇన్ని చోట్ల ఒకే పేరు పలకడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. గుళ్లకూ కళలకూ ఆయన కాలంలో దానాలు అందాయని, అడ్డంకులు తక్కువని నేను ఒప్పుకుంటాను. అయితే జ్ఞాపకం పేర్లను ఎలా అంటిస్తుందో చూపే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. విజయవాడ ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. అవి ఆ మంత్రులకన్నా సుమారు వెయ్యేళ్లు పాతవి. ప్రసిద్ధుల పేరు పాత రాళ్ల మీదికి ఎక్కుతుంది. కుతుబ్‌షాహీ రాజులందరి దానాలూ కాలక్రమాన చివరి రాజు పేరు మీదికి చేరి ఉంటాయని అనుకోవడం తప్పు కాదు. పైగా ఓడిన రాజును ప్రేమించడం తేలిక. మొగలు వసూళ్లు, ఆ తర్వాతి అరాచకం చూసిన తరానికి తానీషా కాలం మంచిరోజుల్లా తోచి ఉంటుంది. మెకంజీ సేకరించిన ఊరి వృత్తాంతాల్లో, అంటే కైఫీయతుల్లో, ఊళ్లవాళ్లు తమ హక్కులను తానీషా కాలం దాకా లాక్కెళ్లి చెప్పుకోవడంలో భక్తి కొంత, దస్తావేజు అవసరం కొంత.

ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకారులు ఈ రెండు వారసత్వాలతోనూ పెనుగులాడారు. జదునాథ్ సర్కార్ 1912-24 మధ్య వెలువరించిన ఔరంగజేబు చరిత్ర ఐదు సంపుటాల్లో గోల్కొండ పతనాన్ని ఎంతో వివరంగా చెప్పాడు, రాజు స్వభావం దగ్గర మాత్రం మొగలు నేరపట్టికను పెద్దగా ప్రశ్నించలేదు. హరూన్ ఖాన్ షేర్వానీ 1974లో ప్రచురించిన కుతుబ్‌షాహీ చరిత్రలో దక్కను వైపు నుంచి చూసి ఆ లోటు తీర్చాడు. రెండు మతాల కలయికగా దక్కనును చూడాలన్న ఆరాటం అతనికీ ఉంది, 1948 తర్వాత హైదరాబాదులో బతికిన పండితుడికి ఆ ఆరాటం ఉండటం అర్థం చేసుకోదగ్గదే. సినిమా అయితే చెప్పనక్కర్లేదు. 1964లో నాగయ్య ‘రామదాసు’ నుంచి 2006 ‘శ్రీరామదాసు’ దాకా తానీషా మంచి పాదుషాగానే మిగిలాడు, చెడ్డపని చేయడానికి పక్కన ఎవరో ఒక అధికారి తప్పనిసరిగా ఉంటాడు. సామరస్యానికి ఆయన్ని ప్రతీకగా వాడుకోవడంలో సదుద్దేశం ఉంది. కానీ ఒక పద్ధతిగా నడిచిన సహజీవనాన్ని ఒక మంచి మనిషి దయగా మార్చేస్తే, ఆ మనిషి చెడ్డవాడని ఎవరైనా రుజువు చేసిన రోజున సహజీవనం కూడా కూలిపోతుంది. అక్కన్న మాదన్నలను మతవీరులుగా మార్చి చెప్పేవారికి ఈ వాడుక దారి తీసింది. ఇద్దరు మంత్రుల హత్యను ఒక మతం మరో మతానికి చేసిన ద్రోహంగా చెప్పాలంటే వాళ్లను పదకొండేళ్లకు పైగా నిలబెట్టిన సుల్తానును కథలోంచి తీసేయాలి. ఇప్పుడు తీసేస్తున్నారు కూడా.

అబుల్ హసన్ మీద నా తీర్పు చెప్పి ముగిస్తాను. బలగం లేకుండా వచ్చి, తనను గద్దెనెక్కించినవారి పిడికిలి లోంచి రెండేళ్లలో బయటపడిన రాజు అసమర్థుడు కాడు. మొగలు వత్తిడి కింద దౌత్యంతో పదేళ్లు నెట్టుకొచ్చి, ఎనిమిది నెలల ముట్టడికి లొంగక, లోపలి మనిషి తలుపు తీస్తే తప్ప పట్టుబడనివాడు పిరికివాడు కాడు. అయితే అధికారమంతా ఒక కుటుంబం చేతిలో పేరుకోనిచ్చి, దాని మీద పెరిగిన కక్షను చల్లార్చే ఏర్పాటు చేయకపోవడం ఆయన తప్పు. వసూళ్ల భారం రైతు మీద పడుతుంటే చూస్తూ ఊరుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. తనను నమ్ముకున్న మంత్రులను కోటకు కూతవేటు దూరంలో చంపుతుంటే కాపాడలేకపోయాడు, చంపించినవారిని శిక్షించనూ లేదు. ఈ లెక్కలో ఆయన దేవుణ్ని చూసిన పుణ్యాత్ముడూ కాడు, నియంతా కాడు. ఇంకా తేలవలసింది ఎంతో ఉంది, అది మన పొరుగునే ఉంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబుల దక్కను పాలనకు చెందిన సుమారు 1,55,000 పారసీ పత్రాలున్నాయి. గోల్కొండను గెలిచినవాళ్లు శిస్తు, జాగీరు, జీతం లెక్కలు ఎలా రాసుకున్నారో అందులో దొరుకుతుంది. ఆ లెక్కలను వెనక్కి చదివితే మాదన్న కాలపు వసూళ్లు ఎంతో తేల్చవచ్చు. పారసీ లిపిని చదవగల ఉర్దూ పిల్లలు, కైఫీయతులు చదవగల తెలుగు పిల్లలు పక్కపక్క ఇళ్లలో ఉన్న పేట శాలిబండ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు వచ్చిన విద్యార్థికి ఈ పనికి కావలసిన సరంజామాలో సగం ముందే ఉంది. ఈ స్మారకోపన్యాస నిధి నుంచి వచ్చే ఏడాది ఉపన్యాసంతోపాటు అలాంటి ఇద్దరు విద్యార్థులకు పారసీ నేర్చుకోవడానికి వేతనం ఇవ్వవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.